పేస్టు చేస్తే పలకని స్క్రిప్టు

ముదిగుబ్బలో గొర్రెల కాపరుల సంఘం ఆఫీసులో నాకు పని నేర్పింది పక్క సీట్లో కూర్చునే అన్న. రోజూ ఇద్దరం ఒకే టీని వన్ బై టూ చేసుకుని తాగేవాళ్లం.

మా ఆన్‌లైన్ పట్టికలో ఊరి పేరు మారిస్తే, నేను రాసిన స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం మండలం పేరును కూడా దానంతటదే మార్చేది. ఒకరోజు తనకల్లు వైపు పోవాల్సిన టీకాల బండి తాడిపత్రి దారి పట్టింది. పట్టికలో అన్న మార్చిన ఊరు కొత్తది, మండలం మాత్రం పాతదే ఉంది.

"స్క్రిప్టే తప్పుండాది. ఈ పిల్లోనికి చేతకాలేదు" అన్నాడు అన్న, అందరి ముందూ.

నేనూ నమ్మాను! మధ్యాహ్నం దాకా దాన్నే పీకి మళ్లీ రాశాను. ఎన్నిసార్లు ఊరు టైపు చేసినా మండలం సరిగ్గానే మారింది. విసుగొచ్చి, వేరేచోటి నుంచి ఒక ఊరి పేరు కాపీ చేసి పేస్టు చేశాను. మండలం కదల్లేదు.

"అన్నా, నువ్వు పేస్టు చేసినావా?"

"ఊ. పేస్టు చేస్తే స్క్రిప్టు నడవదని నాకు ఎప్పుడో తెలుసులేప్పా. ఆ మాట చెప్పి అందరి ముందర నేను తిట్లు తినాల్నా?"

సాయంత్రం ఎప్పట్లాగే టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. అతను "వన్ బై టూ" అన్నాడు.

"నాకు ఫుల్ టీ" అన్నాను.