చెన్నప్ప ఏరిన యాభై ఫారాలు

నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక సెప్టెంబరులో, దేవనహళ్ళిలోని ఒక యంత్రపరికరాల కంపెనీలో కంపెనీ సెక్రటరీగా సర్వసభ్య సమావేశం ఏర్పాట్లు చూస్తున్నాను. సెక్రటరీ అంటే ఉత్తరాలు టైపు చేసే మనిషి అనుకునేవాళ్లు మా చుట్టాల్లో ఇప్పటికీ ఉన్నారు. బోర్డు చట్టం దాటకుండా చూడటం ఆ పదవి పని. వినని బోర్డుకు అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పడం కూడా దాని పనే.

మా కంపెనీ స్టాక్ మార్కెట్‌లో లేదు. ఎక్కువ వాటాలు మేనేజింగ్ డైరెక్టర్ కుటుంబానివి, మిగతావి ఒకప్పుడు కార్మికులకిచ్చినవి. ఎండీకి డెబ్బై ఏళ్లు నిండాయి. ఆ వయసులో కొనసాగాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి. అంటే అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడింతలుండాలి. ఆయనే ఉంటే ఫ్యాక్టరీ మూసి, ఎయిర్‌పోర్ట్ పక్కన బంగారమైన ఆ స్థలం అమ్మేస్తాడని పాత కార్మికుల భయం. వాళ్ల పిల్లలు చాలామంది అక్కడే పనిచేస్తున్నారు. వాళ్లు రాసిన ఉత్తరాలన్నీ బోర్డు ముందు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.

సమావేశానికి రాలేని సభ్యుడు తన బదులు ఓటేయమని ఇంకొకరికి రాసిచ్చేదే ప్రాక్సీ ఫారం. అది నలభై ఎనిమిది గంటల ముందే రిజిస్టర్డ్ ఆఫీసుకు చేరాలి. సరిగ్గా గడువుకు గంట ముందు, గుడ్డసంచి పట్టుకుని చెన్నప్ప వచ్చాడు. ఒకప్పుడు మా లేత్ సెక్షన్ ఫోర్‌మన్, అప్పటికి నగర్తపేటలో చిన్న వర్క్‌షాప్ నడుపుతున్నాడు. సంచిలో ఎనభై మూడు ఫారాలు. ప్రతిదాని మీదా రెవెన్యూ స్టాంపు, స్టాంపు మీద సంతకం, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. కానీ అందరూ ప్రాక్సీగా రాసింది ఒక్కటే పేరు, చెన్నప్ప.

నాకు తల పట్టుకోవాలనిపించింది. ఒక మనిషి యాభై మందికి మించి ప్రాక్సీగా ఉండటానికి వీల్లేదు. ఆ సంగతి సభ్యులకు పంపిన సమావేశం నోటీసు చివర ఏడో సూచనలో ఉంది, ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో. రాసింది నేనే. యాభై ఏరుకుని మిగతావి వదులుకోమన్నాను.

"ఎట్ల మేడం? అందురూ నన్ను నమ్మి రాసిచ్చినారు గదా. మిగతావాళ్లకి ఏం మొగం చూపించేది?" అన్నాడు.

కొత్తగా ఇంకొకరి పేరుతో రాయించుకు రావడానికి టైం లేదు. ఆయన బల్ల మీద ఫారాలు పరిచి ఏరడం మొదలుపెట్టాడు. ముందు భర్త పోయిన ఆడవాళ్లవి, తర్వాత తనకంటే ముందు ఉద్యోగంలో చేరినవాళ్లవి. గడియారం చూపించిన మా గుమాస్తాతో, "సొల్ప ఆగప్పా, పెద్దోళ్లని పక్కన పెడితే మర్యాదగా ఉండదు," అన్నాడు.

ప్రాక్సీ ఓట్లు తలల లెక్కన కాదు, వాటాల లెక్కన. ఆ పెద్దవాళ్ల వాటాలు పిల్లల మధ్య పంపకాలై ఎప్పుడో చిక్కిపోయాయి. ఎక్కువ వాటాలున్న వాళ్ల ఫారాలన్నీ ఆయన సంచిలోకే తిరిగి వెళ్తున్నాయి. సభ్యుల రిజిస్టరు నా ముందే తెరిచి ఉంది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఒక పక్షానికి సలహా ఇవ్వడం నా పని కాదని నాకు నేను చెప్పుకున్నాను.

సమావేశం ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో జరిగింది. తన అంశం రాగానే ఎండీ పద్ధతి ప్రకారం అధ్యక్షుడి కుర్చీ దిగాడు. అందులో ఆయన బావమరిది కూర్చున్నాడు. పద్ధతి అంటే మా బోర్డుకు అంతే.

చెన్నప్ప లేచి మాట్లాడబోయాడు. తన సొంత వాటాలు కూతురి పేరుకు మార్చేశాడు కనుక ఆయన సభ్యుడు కాదు, ప్రాక్సీ మాత్రమే. నియమం ఏమిటో చెప్పమని బావమరిది నావైపు తిరిగాడు. ప్రాక్సీకి మాట్లాడే హక్కు లేదని చెప్పాను. చేతులెత్తే ఓటింగులోనూ ఆయన చెయ్యి లెక్కకు రాదు. చెన్నప్ప నిలబడే ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. నాకు నామీదే ఒళ్లు మండింది. "కానీ ప్రాక్సీ పోల్ అడగవచ్చు," అన్నాను. పోల్ అంటే వాటాల లెక్కన కాగితం మీద వేసే ఓటు. ఎండీ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

"అయితే పోల్ కావల్ల," అన్నాడు చెన్నప్ప.

తీర్మానం కొద్దిపాటి తేడాతో నెగ్గింది. తర్వాత ఆయన గుమ్మం దగ్గర ఆగి, ఆ ముప్పై మూడు ఫారాలుంటే ఏమయ్యేదని అడిగాడు. ముప్పై మూడూ అక్కర్లేదు, వాటిలో పెద్దవి రెండు ఉన్నా వీగిపోయేదని చెప్పాను.

"మీకు ఆ పొద్దే తెలుసు గదా మేడం," అన్నాడు.

మరుసటి ఏడు స్థలం అమ్మే తీర్మానం వచ్చింది, అదీ మూడింతల ఓట్లు కావాల్సిన ప్రత్యేక తీర్మానమే. ఏడో సూచనను నోటీసు మొదటి పేజీకి తెచ్చి, కన్నడంలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాలతో వేయించాను. వాటాల లెక్క సంగతి కూడా చేర్చాను. ఎండీ సణిగాడు. చెన్నప్ప నాలుగు రోజుల ముందే ఫారాలు తెచ్చాడు, కొన్ని తన పేర, కొన్ని కూతురి పేర. ఒక్కటీ తిప్పి పంపే పని పడలేదు. తీర్మానం వీగిపోయింది.

తెలిసిన నియమం చెప్పకుండా బల్ల ముందు కూర్చున్న రోజున నేను ఎండీకే ఓటేసినట్టు లెక్క. ఆ కంపెనీలో నాకు ఒక్క వాటా కూడా లేదు.