ముందు ఎవరు రావాలి

పక్కింటి అంకుల్ పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న నేను ఆఫీసుకు బయలుదేరి లిఫ్టు దగ్గర నిలబడితే, ఆంటీ తలుపు తీసి నన్ను చేత్తో పిలిచారు. లోపల మంచం మీద ఆయన దుప్పటి మెడదాకా కప్పుకుని, ఎప్పటిలాగే బుద్ధిగా ఉన్నారు. అంబులెన్సు వాళ్ళు వచ్చి చూసి, మా ఇద్దరికీ మెల్లగా చెప్పారు. ఏ బాధా పడకుండా నిద్రలో పోవడం అదృష్టమని ఆ రోజంతా వచ్చినవాళ్ళు అంటూనే ఉన్నారు. నేను తలూపాను గాని ఒప్పుకోలేదు. ఆయనకు ఒక్క పని మిగిలిపోయింది. ఒక స్నేహితుణ్ణి కలవాలి. అది జరగకపోవడంలో నా చేతకానితనం చాలా ఉంది. ఆ సంగతి చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

బెడోక్‌లో మా రెండు ఫ్లాట్ల తలుపులూ పక్కపక్కనే, తొమ్మిదేళ్ళుగా. అంకుల్ శ్రీకాకుళం జిల్లా నుంచి కుర్రతనంలోనే టైపిస్టుగా సింగపూర్ వచ్చి, యూరప్‌లోని ఒక చిన్న దేశపు ఎంబసీలో రిటైరయ్యేదాకా పనిచేశారు. అంబాసిడర్లు మారేవారు, ఈయన మారలేదు. ఆ దేశం పేరు ఆయన నోట ఎన్నడూ రాలేదు, కాబట్టి నేనూ రాయను. "మా దేశం" అనేవారంతే, జన్మలో ఒక్కసారి కూడా చూడని దేశాన్ని. కొత్తలో మన దేశం సంగతే అనుకుని నేను ఊ కొడుతూ ఉండేదాన్ని. మంచు, ద్రాక్షతోటలు వచ్చేసరికి తెల్లబోయేదాన్ని.

ఆదివారం పెసరట్లు వేస్తే పక్క గుమ్మంలోకి ఒక కేక వేస్తే సరిపోతుంది. ఆయన మాత్రం కార్డు రాసేవారు. మందపాటి తెల్ల కార్డు మీద మా పేర్లు గుండ్రటి అక్షరాలతో రాసి, కవరులో పెట్టి, మా గ్రిల్లు సందులోంచి జారవిడిచేవారు. మొదటిసారి నేను జవాబు రాయకుండా సరాసరి వెళ్ళి కూర్చున్నాను. ఆయన అట్లు పెట్టి పంపించారు. మర్నాడు కారిడార్లో ఆపి, "వస్తానన్నా, రానన్నా ఒక ముక్క రాయాలమ్మా. లేకపోతే పిలిచినోడికి ఎన్ని అట్లు పొయ్యాలో ఎలా తెలుస్తాది?" అన్నారు. మా అమ్మాయి కార్డు వెనకాల "కెన్ లా అంకుల్" అని, వస్తామని ఇక్కడి ఇంగ్లీషులో రాసిస్తే, దాన్ని కూడా ఫైల్లో పెట్టుకున్నారు.

ఆ స్నేహితుడి కథ నాకు ముక్కలు ముక్కలుగా చెప్పారు, అట్లు తింటున్నప్పుడో, లిఫ్టు కోసం చూస్తున్నప్పుడో. ఎప్పటిదో ఒక పాత యుద్ధంలో అంకుల్ వాళ్ళ కొండ దేశంలోని ఒక ఊరి చర్చి గంట, సముద్రం ఒడ్డునున్న ఇంకో చిన్న దేశానికి చేరింది. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఒడ్డు దేశం వాళ్ళు దాన్ని తోమి మెరుగు పెట్టి మ్యూజియంలో నిలబెట్టారు. మాది మాకిమ్మని వీళ్ళు, కాపాడింది మేమని వాళ్ళు. మాటామాటా పెరిగి కొండ దేశం తన అంబాసిడర్‌ని వెనక్కి పిలిపించుకుంది. తర్వాత వాళ్ళూ పిలిపించుకున్నారు. మ్యాపులో వెతకాలంటే కళ్ళజోడు పెట్టుకోవలసినంత చిన్న దేశాలు రెండూను. పంతాలు మాత్రం పెద్దవే.

ఆ రెండు దేశాల ఎంబసీలూ ఇక్కడ ఒకే బిల్డింగులో ఉండేవి. అంకుల్‌ది ఏడో అంతస్తు, వాళ్ళది పదో అంతస్తు. పదిలో అంకుల్ లాంటి గుమస్తాయే ఇంకొకాయన. తాతల కాలంలో వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. ఆయన తెలుగులో సగం అరవం, పావు మలయ్ అని అంకుల్ ఏడిపించేవారట. ఇద్దరూ ఏళ్ళ తరబడి బిల్డింగు వెనక తిండి కొట్లన్నీ ఉన్న హాకర్ సెంటర్లో ఒకే టేబుల్ దగ్గర భోంచేశారు. ఎవరు ముందు దిగితే వాళ్ళు టిష్యూ ప్యాకెట్ పెట్టి రెండు కుర్చీలూ చోప్ చేసి, అంటే ఇంకెవరూ కూర్చోకుండా పట్టి ఉంచేవారు.

గొడవ ముదిరాక రెండు రాజధానుల నుంచీ ఒకే రకం ఆదేశం వచ్చింది, అవతలివాళ్ళతో రాకపోకలు ఆపెయ్యమని. ఆ మాట విందులకూ ఉత్తరాలకూ వర్తిస్తుంది గాని, చేపల కూరా అన్నం తినే ఇద్దరు గుమస్తాలకు కాదు. పై అధికారిని ఒక్క మాట అడిగితే నవ్వి పొమ్మనేవాడు. ఈయన అడగలేదు, ఆయనా అడగలేదు. ఆ మధ్యాహ్నం అంకుల్ మామూలు టేబుల్ దగ్గరే కూర్చున్నారు. స్నేహితుడు ట్రే పట్టుకుని దగ్గరదాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, స్తంభం పక్క టేబుల్‌కి వెళ్ళిపోయాడట. మర్నాటి నుంచి రెండు టేబుళ్ళ మీద రెండు టిష్యూ ప్యాకెట్లు. "నాలుగేళ్ళమ్మా. ఆడేటి తింటన్నాడో నాకు కనిపిస్తానే ఉండేది" అన్నారు అంకుల్.

చివరికి మూడో దేశం ఒకటి మధ్యలోకి వచ్చింది. ఏదో విందులో కొండ దేశపు మంత్రి ఆ మూడో దేశం అధికారిని, మీకేమైనా అటువైపు వెళ్ళే పనుందా అని మామూలుగా అడిగాడట. ఆ అధికారికి అటు ఏ పనీ లేదు. అయినా ఉందన్నాడు. ఈ చోటుకు వచ్చేసరికి అంకుల్ ముఖం వెలిగిపోయేది. అదమ్మా పనితనం అంటే, అనేవారు. అలా మొదలైన రాయబారం పెరిగి, గంట ఒక ఏడాది అక్కడా ఒక ఏడాది ఇక్కడా ఉండేట్టు ఒప్పందం కుదిరింది. అంబాసిడర్లు మళ్ళీ వచ్చారు.

ఆ ఏడు కొండ దేశపు జాతీయ దినోత్సవం విందుకు పదో అంతస్తు వాళ్ళందరూ వచ్చారు. అంకుల్ అతిథుల జాబితా పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. స్నేహితుడు తన అంబాసిడర్ వెనకాలే వచ్చాడు. అంకుల్ ఆయన పేరు పక్కన టిక్కు పెట్టి, తల వంచి, వెల్కమ్ సర్ అన్నారట. ఆయనా తల వంచి లోపలికి వెళ్ళాడు. హాల్లో అంబాసిడర్లు ఒకరి భుజం ఒకరు తట్టుకుని నవ్వుకుంటున్నారు. వీళ్ళు మర్నాడు కూడా రెండు టేబుళ్ళ దగ్గరే తిన్నారు. తర్వాత కొద్ది నెలల తేడాలో ఇద్దరూ రిటైరయ్యారు. స్నేహితుడు ఊరికి ఆ చివర వుడ్‌ల్యాండ్స్‌లో కొడుకు ఇంటికి వెళ్ళిపోయాడు.

మీరే ఎందుకు వెళ్ళలేదని నేనొకసారి అడిగాను. ఆయన చాలా ఓపిగ్గా వివరించారు. దౌత్యంలో పెద్దరికం వయసును బట్టి రాదు, వచ్చి చేరిన తేదీని బట్టి వస్తుంది. ఆ స్నేహితుడు ఉద్యోగంలో తనకంటే పదకొండు రోజుల ముందు చేరాడు. కనక ఆయన సీనియర్. సీనియర్ దగ్గర్నుంచి కబురు రావాలి, జూనియర్ మీద పడి వెళ్ళకూడదు. నాకు నవ్వొచ్చింది. అవన్నీ అంబాసిడర్లకు గాని మీకెందుకు అంకుల్ అన్నాను. ఆయన నవ్వలేదు.

"మరి మాకు తెలిసింది అదేనమ్మా" అన్నారు.

పోయిన దీపావళికి ముందు, కారిడార్లో తులసికి నీళ్ళు పోస్తూ ఆయన నన్ను అడిగారు. "ఏటమ్మా, వుడ్‌ల్యాండ్స్ వైపు వెళ్ళే పనేమైనా ఉందా?"

లేదంకుల్, అటు నాకెవరున్నారు అన్నాను. సరే సరే అని కుండీ వైపు తిరిగారు. కొన్ని నెలలు పోయాక మళ్ళీ అడిగారు, అవే మాటలు. ఏమైనా తేవాలా అన్నాను. అబ్బే, ఊరికేనే అన్నారు. మూడోసారి అడిగింది ఆయన పోవడానికి మూడు వారాల ముందు. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ఆఫీసు కాల్లో ఉన్నాను. తర్వాత మాట్లాడదామని చెయ్యి ఊపాను. ఆ తర్వాత ఆ సంగతే మరిచిపోయాను.

ఆ మంత్రి కథ నాకు చెప్పింది ఆయనే. ఆ మంత్రి అడిగిన మాటే నన్నూ అడిగారు, ఒకసారి కాదు మూడుసార్లు. కథగా విన్నప్పుడు ఎంత బాగుందో అని మా ఆఫీసులో కూడా చెప్పాను. నా గుమ్మంలోకి వచ్చినప్పుడు గుర్తుపట్టలేకపోయాను. ఉందంకుల్ అంటే అయిపోయేది. బెడోక్ నుంచి వుడ్‌ల్యాండ్స్ ఎంత దూరం? రైల్లో గంట, గంటంబావు.

ఇదంతా నాకు ఆ మంగళవారం దాకా తట్టలేదు. అంబులెన్సు వెళ్ళాక ఆంటీ అంకుల్ డైరీ తెచ్చి వుడ్‌ల్యాండ్స్ అడ్రసు చూపించారు. ఆయనకు చెప్పాలి కదమ్మా అన్నారు. నిన్ను మూడుసార్లు అడిగారు, నీకు తీరిక లేదేమోనని ఆగిపోయారు అని కూడా అన్నారు. ఆవిడ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

ఆఫీసుకు రానని మెసేజి పెట్టి ఆ మధ్యాహ్నమే వుడ్‌ల్యాండ్స్ వెళ్ళాను. తలుపు తీసిన మనిషి బక్కగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. గుమ్మంలోనే చెప్పేశాను. ఆయన లోపలికి రమ్మని, కుర్చీ చూపించి, మకాన్ అయిందామా అని అడిగాడు. తినలేదంటే బిస్కెట్లు తెచ్చి పెట్టాడు. నేను ఆగలేకపోయాను. ఇన్నేళ్ళు మీరైనా ఒక్కసారి రాకూడదా అని అడిగేశాను.

"నేనా?" అన్నాడు. "ముందు అంబాసిడర్‌ను పిలిపించుకుంది వాళ్ళు దా. ముందు పోయినవాళ్ళు ముందు రావాల. అదే గదామా పద్ధతి."

అప్పుడు పదకొండు రోజుల సంగతి చెప్పాను. ఆ లెక్క ఆయనకు తెలియనే తెలియదు. వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాడు. "నేను సీనియర్ అని నాకెవరు చెప్పినారు?" అన్నాడు. ఇద్దరివీ నిఖార్సయిన నియమాలే. ఒకరి నియమం ఒకరికి తెలియదు. అంకుల్ మొదటిసారి అడిగినప్పుడే నేను ఆ ఇంటికి వెళ్ళి ఉంటే, ఈ ముక్క తేలడానికి పది నిమిషాలు పట్టేది కాదు.

మర్నాడు మా బ్లాకు కింద ఖాళీగా వదిలే వాయిడ్ డెక్‌లో కుర్చీలు వేసి, అంకుల్‌ని పడుకోబెట్టారు. వచ్చినవాళ్ళు వరసగా పూలు వేసి వెళ్తున్నారు. వుడ్‌ల్యాండ్స్ ఆయన టై కట్టుకుని వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. ముందుకు రమ్మని వెళ్ళి పిలిచాను. ఇంటివాళ్ళు పిలవకుండా ముందుకు వెళ్తే మర్యాద కాదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి ఆంటీకి చెప్పాను. ఆవిడ లేచి, మోకాళ్ళ నొప్పులతో, ఒక్కో కుర్చీ పట్టుకుంటూ ఆ చివరిదాకా నడిచారు.

"ఆదివారం ఆదివారం మీరొస్తారేమోనని ఇల్లు కదిలీవోరు కాదండి" అన్నారు. "కూరగాయలకు రమ్మన్నా వచ్చీవోరు కాదు."

ఆయన లేచాడు. ఆంటీ వెనకే నడిచి వెళ్ళి అంకుల్ తల పక్కన నిలబడ్డాడు. పూలు తీసుకోలేదు. "వచ్చినాను అప్పా" అన్నాడు. "నేనే ముందు వచ్చినాను."

వెనక వరస ఆగిపోయింది. ఆయన కదల్లేదు. తల కాస్త పక్కకు వంచి, అవతలి మనిషి జవాబు చెప్పేదాకా ఆగినట్టు, అక్కడే నిలబడి ఉన్నాడు.