మునిగిన ఓడ దగ్గర విన్న చప్పుడు

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు నవ్వు. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకునేవాణ్ణి. రాత్రి తోటలో దీపం కదిలిందని ఎవరైనా అంటే, ఎవడో బీడీ ముట్టించుకుని ఉంటాడులే అనేవాణ్ణి. ఇప్పటికీ అలాగే అంటాను. ఈ ఒక్క సంగతి దగ్గరే అలా అనెయ్యలేను.

హుద్‌హుద్ తుపాను వెళ్ళిన మరుసటి ఏడాది. విశాఖలో అప్పుడప్పుడే స్కూబా డైవింగ్ నేర్పుతున్నారు. సెలవు దొరికినప్పుడల్లా విజయనగరం నుంచి వెళ్ళి నేర్చుకున్నాను. నా బావమరిది నూకరాజుకి కూడా ఆ పిచ్చి అంటించాను. వాళ్ళది కళింగపట్నంలో చేపల వేట చేసుకునే కుటుంబం. ఒడ్డుకి కాస్త దూరంలో పాతకాలపు ఓడ ఒకటి మునిగి ఉందనీ, దానికి వలలు చిక్కుకుంటాయనీ మా మావ చెబుతుండేవాడు. ఆ ఓడ చూడాలని నాకు ఒకటే ఆత్రం.

మాఘమాసంలో నీళ్ళు తేరుకున్నాయని ఒక ఉదయం మావ మమ్మల్ని పడవెక్కించాడు. లైట్‌హౌసూ దాని వెనక కొండా ఒకే వరసలోకి వచ్చేదాకా నడిపి ఇంజను ఆపాడు.

"ఇక్కడే. దిగండి. ఆణ్ణి ఒగ్గీకు అల్లుడూ," అన్నాడు. నూకరాజు ఆయనకి ఒక్కగానొక్క కొడుకు, వాణ్ణి వదిలిపెట్టొద్దని ఆయన బాధ.

కింద ఓడ బాగానే కనబడింది. తుప్పు పట్టిన ఇనుప బద్దలు, వాటి మధ్య చేపల గుంపులు. చూస్తూ చూస్తూ ముందుకి వెళ్ళిపోయాను. వెనక్కి తిరిగితే నూకరాజు లేడు. ఎక్కడో అడుగు బురద లేచి నీళ్ళు పల్చటి మజ్జిగలా అయిపోయాయి. చాపిన నా చెయ్యే నాకు కనబడడం లేదు.

సిలిండర్లో గాలి సగానికి పైగా అయిపోయింది. వాడిదీ అంతే అయి ఉంటుంది. మావకి ఏ మొహం పెట్టుకుని చెప్పను అనుకున్నాను.

అప్పుడు వినబడింది. చెక్క మీద కర్రతో కొట్టినట్టు, ఆగి ఆగి ఠక్కు ఠక్కుమని. చేపల్ని వలలోకి తోలడానికి మా మావ వాళ్ళు చెక్క పడవ అంచు మీద అలాగే కొడతారు. చప్పుడు ఎడమ పక్క నుంచి వస్తోంది. నూకరాజే సిలిండర్ మీద కొడుతున్నాడనుకుని అటు ఈదాను. దారి తప్పితే చప్పుడు పక్కకి జరిగేది, నేనూ అటు తిరిగేవాణ్ణి. చివరికి నా చేతికి వాడి కాలు తగిలింది. ఆ తర్వాత చప్పుడు లేదు.

తుపానులో కొట్టుకుపోయిన కొత్త వల ఒకటి ఓడకి పట్టుకుని ఉందట. వేట ఇంట్లో పుట్టినవాడు మంచి వల కనబడితే వదులుతాడా? విడిపించబోయి రెండు చేతులూ ఇరికించుకున్నాడు. కత్తితో వల కోశాను. ఇద్దరం మెల్లగా పైకి తేలాం.

సంగతి విని మావ కొడుకుని ముందు ఒక లెంపకాయ కొట్టి, తర్వాత కావలించుకుని ఏడ్చాడు.

"చేతులు రెండూ ఇరుక్కుంటే ఎలా కొట్టేవురా?" అని నూకరాజుని అడిగాను.

"నాను కొట్టడమేటి బావా? కొట్టింది నువ్వు కదా. నువ్వొస్తన్నావనే నాను గింజుకోకుండా ఉండిపోనాను."

గింజుకుని ఉంటే వాడికి గాలి చాలేది కాదు. ఇద్దరం మావ వైపు చూశాం.

"కొట్టడానికి నా ఒంట్లో జీవముంటే కదా. రెండు పక్కలైపోయిన మీ బుడగలే సూస్తా కూకున్నాను," అన్నాడాయన.

నీళ్ళలో చప్పుడు గాలిలో కంటే చాలా వేగంగా పోతుంది. రెండు చెవులకీ దాదాపు ఒకేసారి చేరుతుంది కాబట్టి ఎటు నుంచి వస్తోందో తెలియదు. పిల్లలకి నేను చెప్పే పాఠమే ఇది. ఊరుకోలేక, ఇంకో రోజు మావని పడవ అంచు మీద కొట్టమని చెప్పి అదే చోట దిగాను. చప్పుడు నాలుగు వైపుల నుంచీ వచ్చింది. సిలిండర్ మీద కొట్టి చూస్తే అది ఇనుము మోత, చెక్క మోత కాదు. భయంలో నా బుర్ర అల్లుకుందనుకుందామంటే, వాడికీ అదే ఎందుకు వినబడాలి?

నూకరాజుకి ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళు పరుగెత్తుకొచ్చి నా ఒళ్ళో కూర్చున్నప్పుడల్లా, ఆ రోజు కొట్టినవాళ్ళకి ఒక దణ్ణం పెట్టుకోవాలనిపిస్తుంది. ఎటు తిరిగి పెట్టాలో తెలియదు.