నేను దాచేసిన మైనస్

ఈ ఉదయం పాలపాకెట్ కత్తిరిస్తూ చూశాను, దాని మీద రేపటి తేదీ అచ్చయి ఉంది. అప్పుడే నాతో చదువుకున్న షహీన్ ఫోన్ చేసింది. "సార్ పోయారే. నిద్రలోనే." మాకు ప్రోగ్రామింగ్ నేర్పిన మాస్టారు ఇక లేరు. నాకు ముందు ఏడుపు రాలేదు. ఆ కబురు నాకంటే ముందు తనకెలా చేరిందని మంటపుట్టింది.

మద్దిలపాలెం బస్ డిపో ఎదురుగా, మందుల షాపు పైన మాస్టారు పాఠాలు చెప్పే గది. ఆయన బల్ల మీది గడియారం ఎప్పుడూ ఐదున్నర గంటలు వెనక ఉండేది. ఓడల వాళ్లు వాడే గ్రీన్విచ్ సమయం అది. "సెల్ మార్పించండి మాస్టారూ," అనేవాడు టీ కొట్టు ఆయన.

"బాగానే నడస్తంది బావా. దాని ఊరు వేరు."

ఓడల ఏజెంటు ఆఫీసులో ఉద్యోగానికి మాలో ఒకరిని పంపాలని ఆయన పరీక్ష పెట్టారు. ఓడ రాత్రి పది నలభైకి రేవుకి వచ్చి, తెల్లవారి మూడు పదికి కదిలింది. ఎన్ని గంటలు ఉన్నట్టు? నేను తేదీలు వదిలేసి టైములు మాత్రం తీసివేశాను. జవాబు మైనస్‌లో వచ్చింది. ఆ గుర్తు కనబడకుండా ఒక ఫంక్షన్ తగిలించి ఇచ్చేశాను.

మాస్టారు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నారు. "పందొమ్మిదిన్నర గంటలా? ఏటమ్మా, గుండుసూదులు ఒక్కోటీ లెక్కెట్టి దించారేటి?" అందరూ నవ్వారు. తర్వాత నాకు మాత్రమే వినబడేలా అన్నారు: "మైనస్ నీకేదో సెప్పడానికొచ్చింది. దాని నోరు నొక్కేసావు."

షహీన్ తేదీనీ టైమునీ ఒకే విలువగా కలిపి, గ్రీన్విచ్‌లోకి మార్చి, అప్పుడు తీసివేసింది. నాలుగున్నర గంటలు. ఉద్యోగం తనకే వచ్చింది. పూర్ణా మార్కెట్లో గాజుల కొట్టు వాళ్లమ్మాయి. నాలా కాన్వెంటులో చదవలేదు, పుస్తకం ముట్టదు. ఆ రెండూ చాలాసార్లు తలుచుకుని నన్ను నేను ఓదార్చుకున్నాను.

మాస్టారు తలుపుకి "ఇప్పుడే వస్తా" అని చీటీ అంటించినా తేదీ, టైము వేసేవారు. "టైము ఒక్కటే రాయకమ్మా. ఏ రోజుది, ఏ ఊరిది, అది కూడా రాయి." ఇవాళ ఇది రాస్తున్న కాగితం మీద కూడా ముందు తేదీ, టైము, ఊరు వేశాను. అది ఆయన పెట్టిన అలవాటే.

మధ్యాహ్నం మాస్టారి ఇంటి అరుగు మీద షహీన్ నా పక్కనే కూర్చుంది. "నువ్వంటే నాకెంత కుళ్లో తెల్సా? ఉజ్జోగం నాకిచ్చారు, ఆదివారాలు నీకిచ్చారు. నన్నొక్క ఆదివారం రమ్మన్లేదే."

నిజమే. పరీక్ష తర్వాత ప్రతి ఆదివారం ఆయన నన్ను పిలిచి, నేను రాసిన ప్రతి లైనూ పక్కన కూర్చుని దిద్దేవారు. ఈమధ్య తన గది గోడకి పరీక్షలో షహీన్ రాసిన ప్రోగ్రాం అంటించారు. అది చూశాక మూడు ఆదివారాలు నేను వెళ్లలేదు.