రూతమ్మకు నేను చేసిన పెండ్లి

మొన్న శనివారం ఆదోని డేరా సినిమాలో రూతమ్మకు పెండ్లి చేసినాను. ఎవరితోనంటారా? పెండ్లికొడుకును పక్కన నిలబెట్టి, వాని తండ్రితో! నవ్వకండప్పా, ముందు చెప్పనీండి.

మాటలొచ్చే సినిమాలు మద్రాసులో ఆడుతాండాయంట గానీ, మన డేరాకు ఇంకా మూగబొమ్మలే గదా. తెర పక్కన ఒకడు రేకు బూర పట్టుకొని కథ చెప్పాల. డేరా సాయిబు దగ్గరుండే కథకుడు రామాయణ భారతాలైతే దంచుతాడు. ఈసారి వచ్చింది బైబిల్లోని రూతు కథ, దొరలు తీసింది. సాయిబు నన్ను వెతుక్కుంటా, నేను కూలోళ్ళ మీద మేస్త్రీగా ఉండే పత్తి ప్రెస్సుకే వచ్చినాడు. "మేస్త్రీ, మీ వేదం కథ మీరే చెప్పాల" అన్నాడు. మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివినోణ్ణి, ఆదివారం గుడిలో వాక్యం చదివేది నేనే. ఛాతీ రెండింతలైంది!

చిక్కంతా మా మామతో. ఆయన ఎమ్మిగనూరులో ఉపదేశి, ఆడ మా సంఘానికి పెద్ద. సినిమా అంటే సైతాను తమాషా అంటాడు. బతిమాలంగా బతిమాలంగా దిగొచ్చినాడు. "సరే, చూస్తానప్పా. గ్రంథానికి వెంట్రుకవాసి తప్పినా, మనోళ్ళెవరూ ఇంక ఆ డేరా తొక్కకూడదు. నువ్వు గూడా!" అన్నాడు. మూడు బండ్లు కట్టించి సంఘాన్నంతా తోలుకొచ్చినాడు. ముందు వరుసలో చాప మీద, ఒడిలో బైబిలు పెట్టుకొని కూర్చున్నాడు!

"మధ్యాన్నం వస్తే ఒకసారి ఆడించి చూపిస్తా" అని సాయిబు ముందే చెప్పినాడు. "ఎందుకు సాయిబూ, కథ నా నాలుక మీదుండాది" అన్నాను. ఆ మాటే నా కొంప ముంచింది.

మొదలు మాత్రం, నేను చెప్పుకోకూడదు గానీ, బ్రహ్మాండం! మొగుడు చచ్చిన రూతు అత్తను విడువకుండా వెంట నడిచి వస్తాంటే, బూరలో గొంతు వణికించినాను. ఆడోళ్ళు కొంగులు కండ్లకద్దుకున్నారు. నా భార్య అటుపక్కకూ ఇటుపక్కకూ తిరిగి "మా ఆయనే" అని చెప్పుకుంటాంది. తర్వాత కోతల చేను వచ్చింది. కోసేవాళ్ళ వెనక రాలిన వెన్నులు, అదే పరిగె, రూతు ఏరుకుంటాంది. మనోళ్ళు ఎరగని పనా అది? డేరా అంతా ముందుకు వంగింది. అప్పుడొచ్చినాడు ఒక పడుచోడు. మెలిదిప్పిన మీసం, నడుముకు పట్టీ, ఏం దర్జా! రూతును చూసి నవ్వినాడు. తెర మీద ఇంగ్లీషు రాతలు పడినాయి గానీ, నేను రెండక్షరాలు కూడుకునేలోపల మాయం!

"ఇడుగో! చేనికి ఆసామి! రూతును పెండ్లాడబోయే బోయజు!" అని ఉరిమినాను. ఈలలే ఈలలు.

మా మామ దగ్గినాడు. దుమ్మేమో అనుకున్నా.

అంతలో తెల్లగడ్డం ముసలాయన ఒకడు గాడిద దిగినాడు. కోతోళ్ళంతా వంగి దండం పెట్టినారు. ఈయనెవరప్పా? తడబడితే పరువు పోతుంది. "బోయజు తండ్రి!" అన్నాను. మా మామ ఈసారి రెండు తూర్లు దగ్గినాడు. ముసలాయన రూతును చూపించి పడుచోణ్ణి ఏందో అడిగినాడు. "కోడలు నచ్చింది నాయనా, అంటాండాడు!" అన్నాను. ఆమె కొంగులో గింజలు పోసినాడు. "మామంటే అట్లుండాల!" అని మా మామ పక్క చూసినాను. ఆయన బైబిలు తెరిచి వేళ్ళ మీద ఏందో ఎంచుతాండాడు.

కళ్ళంలో ముసలాయన పండుకుంటే, రూతు పోయి కాళ్ళ దగ్గర చేరింది. నాకు చెమటలు మొదలు. "కోడలు మామ కాళ్ళు పిసుకుతాంది. ఎంత భక్తో చూడండి!"

ఆ పైన ఊరి పెద్దమనుషులు కూడినారు. ముసలాయన రూతు చెయ్యి పట్టుకున్నాడు. పూలు చల్లినారు!

కౌతాళం నుంచి వచ్చిన అవ్వ ఒకామె లేచి నిలబడింది. "ఓరి మేస్త్రీ! ముసలోడు కోడల్ని సేసుకుంటాంటే బూర పట్టుకొని సూస్తా నిలబడినావేందిరా!"

"ఏం చేస్తామవ్వా... కొడుకు చచ్చిపోయినాడు!" అనేసినా.

అనడమే ఆలస్యం, చచ్చినోడు తెర మీదికొచ్చినాడు! పూలతట్ట నెత్తిన పెట్టుకొని, ఇకిలించుకుంటా! డేరా గుంజలు ఊగేటట్ల నవ్వినారప్పా జనం.

మా మామ లేచినాడు. అయిపోయింది, నా మూలాన మనోళ్ళందరికీ సినిమా బందు, అనుకున్నా. ఆయన వచ్చి నా చేతిలో బూర పెరుక్కున్నాడు.

"అయ్యలారా, ఆ ముసలాయనే బోయజు. ఆ పడుచోడు కోతోళ్ళ మీద మేస్త్రీ, అంతే. పడుచోళ్ళ వెంట పోకుండా నా దగ్గరికొచ్చినావే అని బోయజు రూతును మెచ్చుకున్నట్ల గ్రంథంలోనే ఉండాది. బొమ్మ వెంట్రుకవాసి తప్పలేదు. తప్పింది మా అల్లుడు!"

మేస్త్రీని చూసి ఆసామి అనుకునింది ఇంకో మేస్త్రీ! ఏం చెప్పుకునేది?

వచ్చే బొమ్మకు అయిదు బండ్లు కట్టిస్తాడంట మా మామ. బూర గూడా ఆయన చేతికే పోయింది. అయినా నాకు గర్వమే! ఇంక మీదట మనోళ్ళు డేరాలో కాలు చాపుకొని కూర్చుంటారంటే ఎవరి పుణ్యం? సినిమావాళ్ళు గ్రంథం తప్పలేదని తేలాలంటే, పక్కన అడుగడుక్కూ తప్పేవాడు ఒకడు ఉండాల గదా. ఆ పని నాకంటే బాగా చేసేటోణ్ణి ఆదోనిలో ఒక్కణ్ణి చూపించండి, చూస్తాను!