తగ్గించే చెయ్యి

జగ్గయ్యపేట బస్టాండు ఎదుట సీడీల కొట్టు నడిపే భవానీప్రసాద్‌కి ఒక అలవాటుంది. పాట మధ్యలో గిటారు పైకి లేచిందంటే, ఎడమ చెయ్యి తనంత తానే వెళ్ళి సౌండు తగ్గించేస్తుంది. ఒకప్పుడు తిరునాళ్ళకీ పెళ్ళిళ్ళకీ తిరిగే ఆర్కెస్ట్రాలో అతనే గాయకుడు. వాయిద్యాల సౌండు పెంచి తగ్గించే మిక్సరు కూడా అతని పక్కనే ఉండేది. గిటారు వాయించే ప్రద్యుమ్న ఒళ్ళు మరిచిపోతుంటే, జనం వచ్చింది తన గొంతు కోసమని గిటారు సౌండు తగ్గించేసేవాడు. గరికపాడు తిరునాళ్ళలో అలా తగ్గించాక ప్రద్యుమ్న గిటారుని సంచిలో పెట్టేశాడు. మళ్ళీ బయటికి తీయలేదు.

ఈ వారం విజయవాడ నుంచి వచ్చిన కొత్త మెటల్ రాక్ సంగీతం సీడీలో పాడేవాడే లేడు. గిటార్లూ డ్రమ్సూ సున్నపురాయి క్వారీలో పేలుళ్ళలా విరుచుకుపడి, అంతలోనే చూరు నీళ్ళలా సన్నగా జారతాయి. భవానీప్రసాద్ తొడ మీద తాళం వేస్తాడు, లెక్క తప్పుతాడు, నవ్వుకుని మళ్ళీ మొదలుపెడతాడు.

"పాడేవాడు అలిగెళ్ళిపోయాడా ఏంటి ప్రసాదూ?" అన్నాడు టీకొట్టు రాంబాబు.

"వాడుంటే అడ్డంరా," అన్నాడతను మెల్లగా.

ఇప్పుడు నందిగామ బ్యాంకులో పనిచేసే ప్రద్యుమ్న శనివారం బస్సు కోసం నిలబడి ఉంటే, భవానీప్రసాద్ చెయ్యి పట్టుకుని తెచ్చి కొట్లో కూర్చోబెట్టి, ఆ సీడీయే పెట్టాడు. గిటారు లేచింది. ప్రద్యుమ్న వేళ్ళు గాజుబల్ల మీద తీగలు వెతుక్కున్నట్టు కదిలాయి. అంతలోనే పిడికిలి బిగించి జేబులో పెట్టుకున్నాడు.

"కాస్త తగ్గించన్నా. బస్సొస్తే వినపడదు."

భవానీప్రసాద్ చెయ్యి అలవాటుగా సౌండు బటన్ మీదికి వెళ్ళింది. తిప్పలేక అక్కడే ఉండిపోయింది.