గుట్ట మీద స్వీడన్ భాష

జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో మైనింగ్ చదివే రోజుల్లో నేనూ, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక జూనియరూ ఓ ముసలావిడ ఇంట్లో పై అంతస్తులో అద్దెకుండేవాళ్లం. కరోనా వచ్చిన ఏడాది చలికాలంలో ఒకరోజు పోపులో ఎండుమిర్చి మాడి ఇద్దరం ఒకటే దగ్గాం. మర్నాడు ఆరోగ్య శాఖ నుంచి ఫోన్. మా ఇంట్లో ఎవరో దగ్గుతున్నారని ఎవరో చెప్పారట. టెస్ట్ చేయించుకుని, ఫలితం వచ్చేదాకా బయటికి రావద్దన్నారు.

"ఈమెనే చెప్పిందక్కా. ఇంకెవరికి వినిపిస్తది?" అంది జూనియర్.

నాకూ అదే అనుమానం. నెగెటివ్ రాగానే కిందికి దిగి ఆవిణ్ణి అడిగేశాను. "మా మీద ఫిర్యాదు చేసింది మీరేనా?"

ఆవిడ మాస్కు సర్దుకుని, నన్ను మెట్ల మీద కూర్చోమని, తాను దూరంగా కుర్చీ వేసుకుంది. "మా ఇంట్లో ఎవరం ఆ పని చెయ్యం. మా తాతయ్య పడింది మాకు తెలుసు" అంటూ మొదలుపెట్టింది.

వాళ్ల తాత స్వీడన్‌వాడు. గని సొరంగాలు కూలకుండా దుంగలు నిలబెట్టే వడ్రంగి. వయసులో ఉండగా ఇక్కడి వెండి గనికి పనికొచ్చి, ఓ గని కార్మికుడి కూతుర్ని పెళ్లాడాడు. ఓ ఏడాది వీధిలో పిల్లలకు విషజ్వరాలొచ్చాయి. ఆ పరాయివాడే తెచ్చాడన్నారు. ఆయన కూతురూ మంచాన పడిందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పాలావిడ రావడం మానేసింది. సొంత బావమరిది ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాడు.

అప్పట్నుంచి ఆయన రోజూ సాయంత్రం గుట్ట మీదికి వెళ్లడం మొదలుపెట్టాడు. అడిగితే "ఊరికే" అనేవాడు. అక్కడ ఎవరైనా ఉన్నారా, తమను వదిలేసి తన దేశం పోతాడా అని భార్యకు అనుమానం. ఓ సాయంత్రం వెనకాలే వెళ్లింది. మూసేసిన గని దగ్గర రాతి మీద కూర్చుని ఆయన గట్టిగా మాట్లాడుతున్నాడు. ఎదురుగా ఎవరూ లేరు.

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

ఆయన సిగ్గుపడ్డాడు. "ఎవరితోనూ కాదు. నా భాష మర్చిపోతానేమోనని. ఇంట్లో మాట్లాడితే వీధికి వినబడుతుంది. అసలే నన్ను అనుమానిస్తున్నారు."

అయినా ఆమె నమ్మలేదు. మళ్లీ మళ్లీ వెళ్లి చాటుగా చూసింది. చివరికి ఓ రోజు పక్కన కూర్చుని, "రొట్టెను ఏమంటారు?" అనడిగింది. కూతురు కోలుకునేసరికి ఆమె ఆ పిల్లను స్వీడన్ భాషలోనే కేకలేస్తోందట.

"ఆ పిల్లే మా అమ్మ" అంది ముసలావిడ. జ్వరాలు తగ్గాక బావమరిది ఏమీ జరగనట్టు భోజనానికొచ్చాడు. తాత సూప్ వడ్డించాడు గానీ బతికున్నన్నాళ్లూ అతనితో మాట్లాడలేదు.

పైకొచ్చి జూనియర్‌కు చెప్పాను. "కథ మంచిగనే ఉందక్కా. గానీ ఎట్ల నమ్ముతం?" అంది.

కొన్నాళ్లకు బేకరీ ముందు క్యూలో ఎదురింటాయన పలకరించాడు. "ఆ రోజు టెస్టులో ఏమొచ్చింది?" టెస్టు సంగతి మేము వీధిలో ఎవరికీ చెప్పలేదు. "నెగెటివ్" అని మొహం తిప్పుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే ముసలావిడ ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసు. మీ దగ్గు గురించి నన్నూ అడిగాడు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరిక ఎప్పుడూ అతని కిటికీకేసే చూస్తూ బతుకుతారు."

అలాగే అయింది. ఆ ఇంటి ముందు నుంచి నడిచినప్పుడల్లా మా మాటలు వాటంతటవే తగ్గిపోయేవి.